జనవరిలో మంచు శిఖరం: వెళ్లనా, మానుకోనా?

నెల్లూరు జిల్లా సంగం పరిసరాల్లోని ఒక పల్లె నుంచి ఒక యువతి చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు ఇరవై ఏడు, ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం. నాన్న వరి రైతు. అమ్మ, డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఊళ్లోనే ఉంటారు. నిరుడు ఇంట్లోవాళ్లను బతిమాలి ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక కోర్సు చేశారు. ‘ఎ’ గ్రేడు వచ్చింది. అక్కడ పరిచయమైన స్నేహితురాలితో కలిసి ఇప్పుడు జనవరి ఆఖరి వారంలో మనాలి దగ్గరి ఫ్రెండ్‌షిప్ శిఖరం ఎక్కే అయిదుగురి బృందంలో చేరారు. శిఖరం ఎత్తు 5,289 మీటర్లు. తీసుకెళ్లేది ఒక ప్రైవేటు నిర్వాహకుడు. మొత్తం ఆరు రోజుల ప్రయాణం. వాతావరణం బాగాలేకపోతే ఆగడానికి విడిగా ఒక్క రోజు కూడా పెట్టుకోలేదు. అడ్వాన్సుగా కట్టిన 22,000 రూపాయలు తిరిగి రావు. చెన్నై నుంచి విమాన టికెట్లు, మంచు బూట్లు కూడా కొనేశారు.

ఆ తర్వాత సందేహాలు మొదలయ్యాయి. మంచు చరియల ప్రమాదం గురించి ఆమె బృంద నాయకుణ్ని మూడు ప్రశ్నలు అడిగారు. వాలు ఎక్కడెక్కడ ఎంత ఏటవాలుగా ఉంటుందన్న ప్రశ్నకు ‘వేసవిలో కొత్తవాళ్లు కూడా ఎక్కే దారి’ అన్నాడు. మంచు చరియల హెచ్చరికలు రోజూ ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ‘మనాలిలో దిగాక చూద్దాం’ అన్నాడు. మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే పరికరాలు ఉన్నాయా అంటే ‘ఇక్కడ అవి ఎవరూ వాడరు, నేను ఎన్నోసార్లు వెళ్లొచ్చాను, ఏమీ కాలేదు’ అన్నాడు. వాట్సాప్ గ్రూపులో ఒకరు ‘భయమైతే ఇంట్లో ఉండు’ అని రాస్తే మిగిలినవాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు.

ఇంటి సంగతి వేరే చిక్కు. ఢిల్లీలో బ్యాంకు శిక్షణ ఉందని అమ్మానాన్నలకు చెప్పారు. నిజం తమ్ముడికి మాత్రమే తెలుసు. పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు పార్థివదేహం ఆయన సొంతూరు గాంధీజనసంఘానికి వచ్చిన 2015 ఏప్రిల్‌లో ఆమె, ఆమె తండ్రి ఆ జనంలో నిలబడ్డారట. ఇంట్లో కొండల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ తండ్రి నోట ఆ రోజే వస్తుంది. ఇప్పుడు గూడూరు సంబంధం ఒకటి మాటల్లో ఉంది. పెళ్లయ్యాక ఇవన్నీ కుదరవని అమ్మ అంటున్నారు. ‘ఈ చలికాలం పోతే నాకు మళ్లీ రాదు. వెళితే అబద్ధం చెప్పి ప్రమాదంలోకి వెళ్లినట్టు. మానుకుంటే, మేము చెప్పలేదా అనే మాటకు తలవంచినట్టు. ఏం చేయమంటారు?’ అని అడిగారు.

అమ్మా, నాయకుణ్ని మీరు అడిగిన మూడు ప్రశ్నలూ సరైనవే. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మీ గ్రూపు వాటిని పిరికితనం కింద జమ కట్టింది. చలికాలంలో మంచు వాలు ఎక్కబోయే ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్నలు అవే. వాటిలో ఒక్కదానికీ మీకు సరైన జవాబు రాలేదు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకదానికొకటి మెలిపడి ఉన్నాయి. ఆ వాలు ఈ జనవరిలో, ఈ బృందంతో ఎక్కదగినదా అన్నది ఒకటి. మీరు కొండలు ఎక్కడాన్ని మీ ఇల్లు ఒప్పుకుంటుందా అన్నది రెండోది. మానుకుంటే నాన్న గెలిచినట్టవుతుందని మీకు అనిపిస్తోంది, అందుకే వెళ్లాలనిపిస్తోంది. కానీ మీ నాన్నగారికి భయం ఉన్నంత మాత్రాన ఆ వాలు ప్రమాదకరం కాదు. మీకు ఆయన మీద పంతం ఉన్నంత మాత్రాన అది క్షేమమూ కాదు. అందుకే ముందు మంచు సంగతి విడిగా చూద్దాం.

‘వేసవిలో తేలికైన దారి’ అన్న జవాబు నన్ను కలవరపెట్టింది. పలకలా విరిగి జారే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద పుడతాయి. అందులోనూ 38 డిగ్రీల చుట్టుపక్కల అతి ఎక్కువ. వేసవిలో గట్టిపడిన మంచు మీద కొత్తవాళ్లు తాడు పట్టుకుని హాయిగా నడిచే వాలు సరిగ్గా ఇదే. నిట్టనిలువు గోడ మీద మంచు నిలవదు, బాగా చదునైన చోట జారదు. నడవడానికి వీలుగా, చూడడానికి అందంగా ఉండే ఆ మధ్య వాలే చలికాలంలో ప్రాణాంతకం. ఫ్రెండ్‌షిప్ శిఖరాన్ని మామూలుగా మే నుంచి అక్టోబరు మధ్య ఎక్కుతారు. మీ నాయకుడు వెళ్లొచ్చిన ‘ఎన్నోసార్ల’లో జనవరివి ఎన్నో అడిగారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు. అడగండి.

హిమాచల్ కొండల మీద చలికాలం మంచు ఎలా పేరుకుంటుందో మీ కోర్సులో కొంత చెప్పే ఉంటారు. నవంబరు, డిసెంబరుల్లో పలచగా మంచు పడుతుంది. తర్వాత ఆకాశం నిర్మలంగా ఉండే చలి రాత్రులు వస్తాయి. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటే పైపొర గడ్డకట్టే చలిలో ఉంటుంది. ఈ తేడా వల్ల అడుగు మంచు ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారిపోతుంది. జనవరిలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడులు దాని మీద ఒక్కసారిగా దట్టంగా మంచు కురిపిస్తాయి. గాలి ఆ మంచును శిఖరరేఖకు ఇవతలి నుంచి అవతలికి తోసి, గాలి మరుగున ఉన్న వాలు మీద గట్టి పలకగా పేరుస్తుంది. పైన పలక, కింద పట్టులేని పొర. పైకి చూస్తే తెల్లగా, నిశ్చలంగా, ఎండలో మెరుస్తూ ఉంటుంది. దాని మీదికి ఒక మనిషి అడుగు పెడితే కింది పొర కుంగుతుంది. ఆ కుంగుబాటు వాలంతా పాకి పలక మొత్తం ఊడిపోతుంది.

అన్ని దేశాల పర్వతారోహకులకూ తెలిసిన ఒక లెక్క ఉంది. సాహసానికి వెళ్లిన మనుషులను పొట్టన పెట్టుకున్న మంచు చరియల్లో దాదాపు 90 శాతం ఆ మనుషులో వాళ్ల బృందంలోవాళ్లో కదిలించినవే. అంటే ఆ వాలు మీదికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ప్రాణాలు తీస్తుంది, అదే ప్రాణాలు కాపాడుతుంది. గత ఒకటి రెండు రోజుల్లో కొత్త మంచు పడిందా, గాలి వీచిందా, పక్క వాలు మీద ఈమధ్యే విరిగిపడిన చరియ కనిపిస్తోందా, అడుగు వేస్తే కింద ‘ధబ్’మని కుంగిన చప్పుడు వస్తోందా, కాలి దగ్గర నుంచి పగులు పాకుతోందా, ఎండ ఒక్కసారిగా తీవ్రమైందా? వీటిలో ఒక్కటి కనిపించినా వెనక్కి తిరగగలిగే వెసులుబాటు బృందానికి ఉండాలి. ఆరు రోజుల్లో అదనపు రోజు ఒక్కటీ లేని మీ ప్రయాణంలో ఆ వెసులుబాటు లేదు. మంచు పడ్డాక కనీసం ఒకటి రెండు రోజులు ఆగాలన్న మామూలు జాగ్రత్త కూడా మీ పట్టికలో ఇమడదు. నన్నడిగితే పరికరాలు లేకపోవడం కన్నా ఇది పెద్ద లోపం.

పరికరాల సంగతి కూడా తక్కువది కాదు. మంచులో పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటితే ఆ అవకాశం దారుణంగా పడిపోతుంది. ఊపిరి ఆడక చనిపోతారు. మనాలి నుంచి ఎవరూ పది నిమిషాల్లో రాలేరు, చెడు వాతావరణంలో హెలికాప్టర్ ఎగరదు. కాపాడగలిగేది పక్కనున్న నలుగురే. అందుకే సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఒక్కరి దగ్గర ఉంటే ప్రయోజనం లేదు. వాటితో వెతకడం ముందే సాధన చేసి ఉండాలి. ఇంకో మాట, మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను వాడటం నేరం. సిగ్నల్ లేని చోటి నుంచి కబురు ఎలా పంపుతారో కూడా నాయకుణ్ని అడగండి.

‘ఎన్నోసార్లు వెళ్లాను, ఏమీ కాలేదు’ అన్న మాటకు మీ జిల్లా తీరమే జవాబు చెబుతుంది. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశాక జువ్వలదిన్నె మత్స్యకారుడు ‘నిన్న సముద్రం బాగానే ఉంది కదా’ అని పడవ దించడు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడే ముందుగా పడవను ఒడ్డుకు లాగుతాడు. మంచు చరియలకూ అలాంటి సూచికలు ఉన్నాయి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో మంచు చరియలను అధ్యయనం చేసే విభాగం డీజీఆర్‌ఈ, చలికాలమంతా జమ్మూకశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండ ప్రాంతాలకు ఈ హెచ్చరికలు ఇస్తుంది. మీరు నడవబోయే దారి మొదట్లో వచ్చే ధుండీలో మంచును పరిశీలించే కేంద్రం ఉంది. ఆ లోయ మంచు చరియలకు పేరుపడినది కాబట్టే దాన్ని అక్కడ పెట్టారు. ప్రపంచంలో చాలాచోట్ల ప్రమాదాన్ని అయిదు స్థాయిలుగా చెబుతారు. మూడో స్థాయి అనగానే ‘మధ్యస్థం, ఫరవాలేదు’ అనుకుంటారు. స్విట్జర్లాండ్ వంటి దేశాల్లో ఎక్కువ మరణాలు ఆ మూడో స్థాయి రోజుల్లోనే జరుగుతున్నాయి. నాలుగు, అయిదు స్థాయిల్లో చాలామంది బయటికి కదలరు. మూడో స్థాయిలో ధైర్యం చేస్తారు. పైగా హెచ్చరిక ఒక పెద్ద ప్రాంతానికి ఇచ్చేది. మీ కాళ్ల కింది వాలు గురించి అది చెప్పదు, అది చూసి తెలుసుకోగలిగిన మనిషి బృందంలో ఉండాలి.

అలాంటి మనుషులు ఉన్నా ప్రమాదం తప్పని రోజులు ఉంటాయి. మీరు కోర్సు చేసిన సంస్థకు చెందిన అడ్వాన్సుడు కోర్సు బృందం 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద మంచు చరియలో చిక్కుకుంది. 27 మంది చనిపోయారు, ఇద్దరి జాడ దొరకలేదు. వారిలో శిక్షకురాలు సవితా కన్స్‌వాల్ ఉన్నారు. ఆ ఏడాది మే నెలలోనే ఆమె ఎవరెస్టునూ మకాలునూ ఎక్కి వచ్చారు. మిమ్మల్ని బెదిరించడానికి ఇది రాయడం లేదు. శిక్షణ, పరికరాలు, పేరున్న సంస్థ, ఇన్ని ఉన్నచోటే అంత జరిగితే, ఇవేవీ లేని బృందం ఏ భరోసాతో వెళుతోందని మీరు అడగాలి.

అమెరికాలో ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు 715 మంచు చరియల ప్రమాదాలను వరుసపెట్టి చదివాడు. చాలా సందర్భాల్లో ప్రమాద సూచనలు కళ్లెదుటే ఉన్నాయి, ఆ మనుషుల్లో శిక్షణ పొందినవాళ్లూ ఉన్నారు. మరి ఎందుకు వెళ్లారు? తెలిసిన చోటే కదా అనుకున్నారు. ఇంతదూరం వచ్చాం కదా అనుకున్నారు. నాయకుడికి తెలుసులే అనుకున్నారు. పక్కవాళ్ల ముందు చిన్నబోకూడదనుకున్నారు. మన ముందు ఎవరో నడిచిన అడుగులున్నాయి కదా అనుకున్నారు. ఈ అవకాశం మళ్లీ రాదనుకున్నారు. మీ ఉత్తరాన్ని ఇంకోసారి చదువుకోండి. ముందెవరో నడిచిన అడుగులు తప్ప మిగతావన్నీ అందులో ఉన్నాయి, ఆ అడుగులు మనాలి దాటాక కనిపిస్తాయి. గూడూరు సంబంధానికీ మంచు పలక పగలడానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ‘ఇదే ఆఖరి చలికాలం’ అన్న ఆలోచన, వెనక్కి తిరగవలసిన చోట మిమ్మల్ని ముందుకు నెడుతుంది.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పుడే మానుకోవడం ఒకటి. 22,000 రూపాయలు పోతాయి, టికెట్ల మీద కొంత పోతుంది, గ్రూపులో కొన్ని రోజులు మాట పడాలి. మానుకుంటే కారణం స్పష్టంగా రాయండి: ‘అదనపు రోజు లేదు, వెతికే పరికరాలు లేవు, వాలు గురించి జవాబు రాలేదు, కాబట్టి రావడం లేదు.’ ఇంట్లో ఒప్పుకోలేదని అబద్ధపు సాకు మాత్రం చెప్పకండి. ఆ సాకు మీ ప్రశ్నలను చంపేస్తుంది, మిగిలిన నలుగురూ ఆలోచించకుండానే బయలుదేరతారు.

షరతులతో వెళ్లడం రెండోది. కనీసం రెండు అదనపు రోజులు, అందరికీ పరికరాలు, మనాలిలో ఒక పూట సాధన, రోజూ ఉదయం హెచ్చరిక చూసి బృందమంతా కలిసి తీసుకునే నిర్ణయం, ఒక్కరు వద్దన్నా ఆగాలన్న ఒప్పందం. ఇవన్నీ బయలుదేరకముందే రాతపూర్వకంగా ఉండాలి. నాయకుడు ఒప్పుకుంటే అతని మీద నా అభిప్రాయం కొంత మారుతుంది. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే. ఈ దారిలో ఉన్న చిక్కు కూడా చెబుతాను. ఒంగోలులో కూర్చుని పెట్టిన షరతును, తెల్లవారుజామున రెండు గంటలకు గడ్డకట్టే చలిలో, అందరూ తాళ్లు కట్టుకుని నిలబడి ఉండగా ‘నేను రాను’ అని నిలబెట్టుకోవడం చాలా కష్టం. గుడారం దాకా వెళ్లి ఆగిపోతానని మీరు రాశారు. అదీ పూర్తి భద్రత కాదు, ఆ గుడారం ఏ వాలు కింద వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మానా దగ్గర సరిహద్దు రోడ్ల కార్మికుల శిబిరం మీదే మంచు చరియ పడి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లు ఏ శిఖరమూ ఎక్కడం లేదు.

కాలాన్ని మార్చుకోవడం మూడోది. ఇదే శిఖరం మే, జూన్లలో ఎక్కవచ్చు. మీకు ‘ఎ’ గ్రేడు ఉంది కాబట్టి అడ్వాన్సుడు కోర్సుకు అర్హులు. మంచు పొరలను తవ్వి చదవడం, తాడుతో కాపాడడం అక్కడ చేతులారా నేర్చుకుంటారు, ఆ తర్వాత ఏ నాయకుణ్నయినా తూచగలుగుతారు. సీటు కోసం ఎదురుచూడాలి, నెల రోజుల సెలవు దొరకాలి, అది సులువు కాదని తెలుసు. మంచు మీద నడవాలన్న కోరిక ఈ చలికాలమే తీరాలనుకుంటే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి, దాదాపు 3,800 మీటర్ల ఎత్తుకు వెళ్లే దారి ఉంది. ఎక్కువ భాగం అడవిలో, తక్కువ వాలు మీద సాగుతుంది. చివరి ఏటవాలు దగ్గర మాత్రం ఇవే జాగ్రత్తలు. ఈలోపు ఆదివారాలు ఉదయగిరి దుర్గం మీదికి బరువు మోసుకుని ఎక్కండి, కాళ్లకు అది చాలు.

నా అభిప్రాయం దాచను. ఇప్పుడున్న రూపంలో ఈ ప్రయాణానికి నా కూతురు వెళతానంటే వద్దంటాను. రెండో దారిలోని షరతులన్నీ ఒప్పుకుంటే, ఆ వారం మంచు నిలకడగా ఉందని హెచ్చరికలు చెబితే, అప్పుడు మళ్లీ ఆలోచించమంటాను. నిర్ణయం మీది.

ఇంటి విషయం. ఏ దారి ఎంచుకున్నా ఢిల్లీ శిక్షణ అబద్ధాన్ని మోసుకుని కొండెక్కకండి. మీకేదైనా జరిగితే మొదట ఫోను వెళ్లేది మీ నాన్నగారికి. ఆయన ‘మా అమ్మాయి ఢిల్లీలో ఉంది’ అంటారు. ఆ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకోండి. తమ్ముడి మీద కూడా ఇంత బరువు పెట్టడం న్యాయం కాదు. పైగా మామూలు బీమా పాలసీలు చాలావరకు ఇలాంటి సాహస యాత్రలకు వర్తించవు. మీ పాలసీ కాగితాలు తీసి చూసుకోండి.

మీ నాన్నగారు మస్తాన్‌బాబును తలుచుకోవడం సహజం. కూతవేటు దూరంలోని కుర్రవాడు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడని మీ ప్రాంతమంతా పొంగిపోయింది. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో సెర్రో ట్రెస్ క్రూసెస్ దగ్గర ఆయన జాడ తెలియకుండా పోయినప్పుడు అదే ప్రాంతం రోజుల తరబడి నిద్రపోలేదు. ఆయన ఒంటరిగా ఎక్కుతూ చెడు వాతావరణంలో చిక్కుకున్నారు, మంచు చరియ వల్ల కాదు. ఈ తేడా మీ నాన్నగారికి వాదనలా చెబితే వినరు. ఆ రోజు ఆయన చూసింది ఒక తల్లి దుఃఖాన్ని. దాన్ని వివరాలతో చెరిపేయలేరు, చెరిపేయాలని చూడకండి కూడా.

మీరు మానుకుంటే, ఎందుకు మానుకున్నారో ఆయనకు చెప్పండి. అదనపు రోజు లేదని, నాయకుడు జవాబు చెప్పలేదని, డబ్బు పోయినా వదులుకున్నానని. ‘మేము చెప్పలేదా’ అంటారు, తప్పకుండా అంటారు, కొన్నాళ్లు అంటూనే ఉంటారు. వినండి. తన కూతురు ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి అని ఆయనకు ఇంతకన్నా గట్టి రుజువు మీరు చూపలేరు. రేపు అడ్వాన్సుడు కోర్సు అడిగినప్పుడు ఆ రుజువు పనికొస్తుంది. పనికిరాకపోవచ్చు కూడా, హామీ ఇవ్వలేను. అప్పుడు కనీసం కొండల గురించి నేరుగా మాట్లాడుకుంటారు. గూడూరు అబ్బాయికి మీరు కొండలు ఎక్కుతారన్న సంగతి మాటలు ముదరకముందే చెప్పండి, అతని జవాబును బట్టి మీకు చాలా తెలుస్తుంది.

మిగిలింది మీ స్నేహితురాలు. గ్రూపులో మెసేజీ పెట్టడానికి ముందే ఆమెకు ఫోను చేయండి. మీరు అడిగిన మూడు ప్రశ్నలు, నాయకుడి జవాబులు, ఇప్పుడు మీకు తెలిసినవి అన్నీ చెప్పండి. ఆమె వెళ్లాలనుకుంటే అది ఆమె ఇష్టం, బలవంతం చేయకండి. కానీ ఇద్దరూ ఒకేమాట మీద నిలబడితే అయిదుగురి బృందంలో నాయకుడు కొట్టిపారేయలేడు, తేదీలో షరతులో మారే అవకాశం ఉంది. ఆ ఫోను ఈ వారంలోనే చేయండి, టికెట్ల రద్దుకు గడువు ఉండగానే.